వత్సవాయి పిల్ల మోకాలు

నా పదవీ విరమణ సభలో చాలామంది మాట్లాడారు. ప్రార్థన వేళకి పిల్లల్ని వరసలో నిలబెట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరని ఒకరన్నారు. నా విజిల్ వినపడితే బజార్లో కుక్కలు కూడా ఆగిపోయేవని ఇంకొకరన్నారు. జనం నవ్వారు. నేను నవ్వలేదు. శాలువా కప్పుతూ హెడ్మాస్టరు గారు "మన డ్రిల్ టీచరమ్మ" అన్నారు. సర్వీసంతా వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేసిన మనిషిని ఆఖరి రోజున డ్రిల్ టీచరమ్మ అంటే ఊరుకోవాలా? మైకు నా చేతికి రాగానే "డ్రిల్లు వేరు, వ్యాయామ విద్య వేరు" అని మొదలుపెట్టి, ఆ తేడా వివరంగా చెప్పి దిగాను. భోజనాలు చల్లారిపోయాయని తర్వాత సణిగారట. సణగనీ.

ఆ సభలో ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. నా చేతికింద ఆడినవాళ్ళలో జాతీయ శిబిరం దాకా వెళ్ళింది ఒకే ఒక్క పిల్ల. ఆ పిల్ల పేరు ఎత్తితే మోకాలి సంగతి వస్తుంది, మోకాలి సంగతి వస్తే నందిగామలో ఆ రోజు నేను అన్న మాట వస్తుంది. అందుకని మర్యాదగా దాటేశారు. ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన వ్యాయామ ఉపాధ్యాయులు కొందరు మీ అనుభవం ఏదైనా రాసివ్వండి మేడం అన్నారు. సరే, సభలో వాళ్ళు దాటేసిందే రాస్తున్నాను.

ముందు నా గురించి కొంచెం. మాది జగ్గయ్యపేటలో కిరాణా హోల్‌సేలు చేసే కుటుంబం. మా ఇంట్లో ఆడపిల్ల గల్లాపెట్టె దగ్గర కూర్చోవచ్చు గానీ గ్రౌండులో పరిగెత్తకూడదు. నేను వ్యాయామ విద్య కోర్సులో చేరతానన్నప్పుడు మా చిన్నాన్న "బస్తాలు మోయడానికి మనకి హమాలీలున్నారు గదమ్మా, నీకెందుకే కండలు" అన్నాడు. ఆయన పోయి చాలాకాలమైంది, ఆ మాట మాత్రం పోలేదు. ఉద్యోగంలో చేరాక స్టాఫ్ రూములో నాకు కుర్చీ వెయ్యలేదు. ఆటసామాను గదిలో స్టూలుంది గదా అన్నారు. పరీక్షలు దగ్గరపడితే మొట్టమొదట లెక్కల వాళ్ళకి పోయేది నా పీరియడే. ఇవేవీ నేను మర్చిపోలేదు. మర్చిపోవాలన్న ఉద్దేశం కూడా లేదు.

నందిగామలో ఒక బడికి ఫిజికల్ డైరెక్టరు, పీడీ గారుండేవారు. నాకన్నా పెద్దాయన. పొట్ట ముందుకొచ్చి, తెల్ల టోపీ వెనక్కి జారి, నోట్లో ఎప్పుడూ వక్కపొడి నలుగుతూ ఉండేది. నన్ను "పేట మేడం" అని పిలిచేవారు. పోటీలకి నేను గేటు దాటి రాగానే "పేట మేడం వచ్చేశారు, ఇవాళ రిఫరీకి మూడింది" అని అందరికీ వినపడేట్టు అనేవారు. ఆయనకీ నాకూ ఒక్క విషయంలోనూ పడేది కాదు. అయినా ఆయన రాని పోటీలకి నాకు వెళ్ళబుద్ధి అయ్యేది కాదు.

ఇక ఆ పిల్ల. వత్సవాయి నుంచి బస్సులో మా బడికి వచ్చేది. తండ్రి పత్తీ మిరపా వేసే రైతు. సన్నగా, పొడుగ్గా, మోచేతులు మోకాళ్ళు తప్ప ఒంట్లో ఇంకేం లేనట్టుండేది. ఒకరోజు కబడ్డీలో కూతకి పంపాను. ఎడమ మూలకి వెళ్ళి, కాలి బొటనవేలితో ఒకమ్మాయిని తాకి, కుడికాలు నేలకి ఆనించి, చటుక్కున ఒళ్ళంతా వెనక్కి తిప్పేసింది. పట్టుకోబోయిన చేతులన్నీ గాలిని పట్టుకున్నాయి. అప్పటికే ఆ పిల్ల మధ్యగీత ఇవతల నిలబడి ఉంది.

"ఎవరు నేర్పారే ఇది?" అన్నాను.

"ఎవరూ నేర్పలేదు మేడం. చేలో మా అన్న తరిమితే పత్తి సాళ్ళ మధ్య ఇట్టాగే తప్పించుకుంటా. తిన్నగా ఉరికితే దొరికిపోతా గదా."

ఆ తిరుగుడు నేనే నేర్పానని చాలామంది అనుకుంటారు. నేనెప్పుడూ కాదనలేదు. నాకు దక్కని మెప్పు చాలా ఉంది, దక్కినదాన్ని వెనక్కివ్వడం దేనికని.

బడి అయిపోయి పేటలోనే డిగ్రీలో చేరినా పొద్దున్నే మా గ్రౌండుకి వచ్చేది. జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు, ఆ తర్వాత జాతీయ శిబిరం. శిబిరానికి వెళ్ళింది గానీ జాతీయ పోటీల్లో బెంచీ మీదే కూర్చోబెట్టారు. వచ్చే ఏడు తప్పకుండా ఆడిస్తామన్నారు. అక్కడ ఆడితే ఒక పెద్ద సంస్థ జట్టులో చోటు, దాంతోపాటు ఉద్యోగం. ఆ ఏడాది ఆ పిల్లకే కాదు, నాకూ అదే ధ్యాస. బడిలో ఎవరు ఏమన్నా పట్టించుకోవడం మానేశాను. నన్ను ఎరిగినవాళ్ళు ఆశ్చర్యపోయారు.

మా వైపు పిల్లలు మట్టి కోర్టు మీద పెరిగినవాళ్ళు. పొద్దున్నే నీళ్ళు చల్లి, తొక్కి, గట్టిపరిచి ఆడతాం. తిరిగేటప్పుడు పాదం కొంచెం జారుతుంది. మట్టి ఆ మాత్రం దారిస్తుంది. రబ్బరు మ్యాటు ఇవ్వదు. బూటుని పట్టేసుకుంటుంది. కింద పాదం ఆగిపోయి పైన మనిషి తిరిగితే, ఆ మెలిక అంతా మధ్యలో ఉన్న మోకాలు మీద పడుతుంది. పెద్ద పోటీలన్నీ మ్యాటు మీదికి మారాయి. మా చుట్టుపక్కల ఉన్న మ్యాటు ఒక్కటే, అది నందిగామలో. పోటీల ముందు కొద్దిరోజులు అక్కడికి వెళ్ళి సాధన చేసేవాళ్ళం.

అలా సాధన చేస్తున్నప్పుడే జరిగింది. ఆ పిల్లని ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ నెట్టలేదు. ఎడమ మూలకి వెళ్ళి, తాకి, కుడికాలి మీద తిరిగింది. ఎండు కందిపుల్ల విరిచినట్టు చప్పుడైంది. పక్క కోర్టులో ఉన్న పీడీ గారికి కూడా వినిపించిందట. పిల్ల కూలబడి, వెనక్కి తిరిగి చూసి, "ఎవరు మేడం కర్ర విరిచింది?" అంది.

కొంచెంసేపటికి తనే లేచి నడిచింది. సాయంత్రానికి మోకాలు కుండలా ఉబ్బింది. మర్నాడు ఎక్స్‌రే తీయించాం. ఎముక చెక్కుచెదరలేదు. ఎముక బాగుందంటే మావైపు అంతా బాగున్నట్టే. తండ్రి ఊరికి తీసుకెళ్ళి, కట్లు కట్టే ఆయన చేత ఆకు పసరూ కోడిగుడ్డు సొనా వేయించి కట్టు కట్టించాడు. కొన్నాళ్ళకి వాపు తీసింది. అప్పుడు ఆ కుటుంబమంతా మొక్కు తీర్చుకోవడానికి వేదాద్రి వెళ్ళారు. కృష్ణలో మునిగి, కింద స్వామిని చూసుకుని, కొండ మీది స్వామి దగ్గరికి మెట్లెక్కారు. మా ప్రాంతంలో కాలికి దెబ్బ తగిలినవాళ్ళకి అదే పరీక్ష. కొండెక్కగలిగితే కాలు నయమైనట్టు. మా తాతల కాలం నుంచీ అంతే.

తండ్రి బడికొచ్చి మరీ చెప్పాడు. "మెట్లన్నీ ఎక్కిందండి. నాకన్నా ముందే ఎక్కి పైన్నించి చెయ్యూపిందండి. ఇంకేం కావాలండి?"

నాకూ ఇంకేం కావాలో తోచలేదు. పీడీ గారికి ఫోన్ చేస్తే ఆయన "స్వామే సర్టిఫికెట్టిచ్చాక మనమెవరం మేడం" అన్నారు. మర్నాడు గ్రౌండులో తిన్నగా పరిగెత్తించాను. లేడిపిల్లలా పరిగెత్తింది. కూతకి పంపాను. మొదటి తిరుగుడులోనే, కాలి కింద నేలని ఎవరో లాగేసినట్టు పడిపోయింది. ఈసారి చప్పుడు లేదు. పిల్ల మొహం చూస్తే చప్పుడే నయమనిపించింది.

విజయవాడలో మోకాళ్ళ డాక్టరుకి చూపించాం. ఆయన పిల్లని పడుకోబెట్టి, మోకాలు మడిపించి, పిక్క పైభాగాన్ని రెండు చేతులతో పట్టుకుని తనవైపు లాగాడు. ఎడమకాలు కదల్లేదు. కుడికాలు బల్లసొరుగు లాగినట్టు ముందుకొచ్చింది.

"మోకాలి లోపల రెండెముకల్ని పట్టి ఉంచే లిగమెంటు తెగిపోయింది. తాడు లాంటిది. ఎక్స్‌రేలో కనపడదు. నడవడానికీ మెట్లెక్కడానికీ దాంతో పెద్దగా పన్లేదు. ఆగి తిరగడానికి కావాలి" అన్నాడు డాక్టరు.

తండ్రి బిక్కమొహం వేశాడు. "అంటే వేదాద్రి స్వామి తప్పు చెప్పాడంటారా అండి?"

"స్వామి తప్పు చెప్పలేదయ్యా. మీరు తప్పు ప్రశ్న అడిగారు."

ఆపరేషన్ చేశారు. తొడ వెనక కండరం కొసనుండే తాడు కొంత తీసి, తెగినదాని చోట వేశారు. పంపించేటప్పుడు డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. కొన్ని నెలలకే నొప్పి పోతుంది, వాపుండదు, పరిగెత్తగలుగుతుంది. ప్రమాదమంతా అప్పుడే. లోపల వేసిన తాడు ఇంకా పచ్చిగానే ఉంటుంది. తొమ్మిది నెలలు నిండి, తను చూసి సరేనన్నదాకా పోటీలో దిగకూడదు. మళ్ళీ తెగితే ఈ ఆటకి ఇక పనికిరాదు. "వాళ్ళ నాన్న మంచాయన. కానీ పిల్ల ఏడిస్తే ఒప్పేసుకుంటాడు. మీరు ఒప్పుకోకండి మేడం" అన్నాడు.

ఒప్పుకోకపోవడం నాకు ఒకరు నేర్పాల్సిన పని కాదు.

ఆ తర్వాతి నెలలు నా ఉద్యోగ జీవితంలో నేను మళ్ళీ కావాలనుకునే రోజులు. ఇప్పటికీ తెల్లవారుజామున మెలకువ వస్తే చెయ్యి విజిల్ కోసం వెతుకుతుంది. వత్సవాయి మొదటి బస్సు దిగి, కర్ర ఊతంతో, తర్వాత కర్ర లేకుండా, గేటు దగ్గర్నించే మాట్లాడుకుంటూ వచ్చేది. మా కొట్లోంచి తెచ్చిన గుడ్డ సంచుల్లో ఇసక పోసి కుట్టాను. అవి కాలికి కట్టుకుని మోకాలు ఎత్తి దించేది. గోడకి వీపు ఆనించి సగం కూర్చుని ఆగేది. కళ్ళు మూసుకుని కుడికాలొక్కదాని మీద నిలబడేది. కాలు వణికేది. నేను పక్కనే చేతులు చాపుకుని నిలబడేదాన్ని, పడితే పట్టుకోవడానికి.

"కళ్ళు తెరవనా మేడం?"

"అప్పుడేనా?"

"మీరు నా కాలి మీద కూడా పగబట్టారా ఏంటి మేడం?"

"నోరు కాదు, కాలు ఆడించు."

"కాలు ఆడిస్తే తిడతారు, ఆడించకపోతే తిడతారు. మిమ్మల్ని కట్టుకున్నాయన ఎట్టా వేగుతున్నాడో ఏమో."

"ఆయన తెలివైనవాడు. నేను లేచేలోగా కొట్టుకి వెళ్ళిపోతాడు."

అలా పకపకా నవ్వి తూలిపోయేది. సాధన అయ్యాక సామాను గది మెట్టు మీద కూర్చుని ఫ్లాస్కులో టీ పంచుకునేవాళ్ళం. హైవే మీద సిమెంటు లారీల రొద మొదలయ్యేది. ఆ పిల్ల ఊళ్ళో మిరప కల్లాల సంగతులు చెప్పేది. నేను స్టాఫ్ రూములో కుర్చీ సంగతి చెప్పేదాన్ని. "ఆ కుర్చీ గురించి మీరు ఎన్నిసార్లు చెప్పారో తెలుసా మేడం? నాకు ఉద్యోగం రాగానే మీకో కుర్చీ కొనిస్తా, అది నెత్తిన పెట్టుకుని ఊరేగండి" అంది ఒకసారి. నాతో అలా మాట్లాడినవాళ్ళు ఇంకెవరూ లేరు. ఇంకొకరైతే ఊరుకునేదాన్నీ కాదు.

ఏడో నెల వచ్చేసరికి కాలు గట్టిపడింది. తొడ నిండింది. తిన్నగా పరిగెత్తడం మొదలైంది. సరిగ్గా అప్పుడే రాష్ట్ర జట్టుకి ఎంపికలు నందిగామలో పెట్టారు. ఆ ఎంపికలో నిలిస్తే జాతీయ పోటీలు, ఆ పోటీల్లో ఆడితే ఉద్యోగం. దాటిపోతే మళ్ళీ ఏడాది. ఈలోపు కొత్త పిల్లలు వస్తారు. ఇది నాకు తెలుసు, వాళ్ళ నాన్నకి తెలుసు, అందరికన్నా బాగా ఆ పిల్లకి తెలుసు.

"చూడ్డానికి వెళ్దాం" అన్నాను. చూడ్డానికే అని ఇద్దరం అనుకున్నాం. నేను నిజంగా అనుకున్నాను.

నేను నందిగామ గ్రౌండుకి వెళ్ళేసరికి పిల్ల సంచిలోంచి బూట్లు తీసి లేసులు కట్టుకుంటోంది. మోకాలికి నీక్యాప్ ఎక్కించింది. వాళ్ళ నాన్న కొబ్బరికాయ కొట్టి వచ్చాడు. అప్పుడు అర్థమైంది, ఇంటి దగ్గరే అనుకుని వచ్చారని, నాకు మాత్రం చెప్పలేదని.

జట్టుని ఎంపిక చేసే పెద్దాయనకి ఆపరేషన్ సంగతి తెలుసు. ఆటా తెలుసు, ఆ పిల్ల తిరుగుడూ తెలుసు. ఆయనకి ఆ పిల్ల కావాలి. వరసలో ఒక్కొక్కరినీ పిలుస్తూ ఈ పిల్ల దగ్గర ఆగి, ఇటు తిరిగి, అందరి ముందూ నన్ను అడిగాడు. "మేడం, ఈ అమ్మాయిని చూసుకుంటున్నది మీరే కదా. మ్యాటెక్కించొచ్చా?"

పిల్ల నా వంక చూసింది. బతిమాలలేదు. నేను అవునంటానని నమ్మకంగా చూసింది. పీడీ గారు నా చెవి దగ్గరికి వంగి, "అవుననండి మేడం. రెండు కూతలేగా. మెల్లిగా ఆడమందాం" అన్నారు. రెండు కూతలేగా అన్నది నిజమే. రెండింటికీ ఏమీ కాకపోవచ్చు. రాష్ట్ర జట్టులో పడ్డాక రోజూ మ్యాటు మీద పొద్దునా సాయంత్రం ఆడించేటప్పుడు మెల్లిగా ఆడమనడానికి ఎవరుంటారు?

"ఆడకూడదండి. ఇంకా టైముంది" అన్నాను.

ఆయన తల ఊపి, పక్కమ్మాయి పేరు పిలిచాడు. అంతే. అంత పెద్ద విషయం అంతలోనే అయిపోయింది.

పిల్ల వంగి లేసులు విప్పింది. నీక్యాప్ తీసి సంచిలో పెట్టింది. లేచి నా దగ్గరికొచ్చి మెల్లిగానే అంది. "కాలు నాది గదా మేడం. నన్నడిగితే నేను చెప్పేదాన్ని గదా."

తండ్రి చేతులు జోడించాడు. "నమ్మి అప్పజెప్పినందుకు బాగా చేశారండి. మంచిదండి. వెళ్ళొస్తామండి."

నన్ను చాలామంది చాలా అన్నారు. అరిచి అన్నవాళ్ళకి అరిచి జవాబు చెప్పాను. ఆ రైతు ఒక్కో మాట చివరా మర్యాదగా పెట్టిన ఆ 'అండి' మీద మాత్రం ఎలా అరుస్తాను?

మర్నాడు పొద్దున్నే గ్రౌండుకి వెళ్ళాను. వత్సవాయి బస్సు వచ్చింది, వెళ్ళింది. ఆ పిల్ల రాలేదు. మిగిలిన సాధన నందిగామలో పీడీ గారి దగ్గర చేసిందని తెలిసింది. ఆయన నాకు ఫోన్ చేసి చెప్పారు. "నేను రమ్మన్లేదు మేడం. వచ్చింది. పొమ్మనమంటారా?" వద్దన్నాను. ఇసక సంచులు మా హమాలీ చేత నందిగామ బస్సులో పంపించాను. అందాయని ఎవరూ చెప్పలేదు. ఆ సంగతీ నాకు గుర్తుంది.

తొమ్మిది నెలలు నిండాక డాక్టరు చూసి అంతా బాగుంది, ఆడుకోవచ్చన్నాడట. మరుసటి ఏడు జిల్లాల మధ్య పోటీలు నందిగామలోనే జరిగాయి. వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాను. ఆడవాళ్ళ వైపు కూర్చుంటే కనపడతానని మగవాళ్ళ వెనకాల వరసలో కూర్చున్నాను. పీడీ గారు ఎలా చూశారో చూశారు, జనాన్ని తోసుకుంటూ వచ్చి పక్కన కూలబడ్డారు. అటూ ఇటూ వాళ్ళు జరగాల్సి వచ్చింది.

పిల్ల బాగా ఆడింది. పాయింట్లు తెచ్చింది. కానీ ఎడమ మూలకి వెళ్ళిన ప్రతిసారీ, తాకాక, ఒక చిన్న అడుగు అదనంగా వేసి ఎడమకాలి మీద తిరిగేది. ఆ చిన్న అడుగు చాలు, అవతలి జట్టుకి. ఆట సగమయ్యేసరికి వాళ్ళు కనిపెట్టారు. ఆ అడుగు కోసమే కాచుకుని పట్టేశారు.

"చూశారా?" అన్నారు పీడీ గారు.

"నాకు కళ్ళున్నాయి."

"ఏం చెప్పినా ఆ కాలి మీద తిరగట్లేదు మేడం. కాలు బ్రహ్మాండంగా ఉంది. పొద్దున నా ముందే ఒంటికాలి మీద గెంతింది. మనిషి ఎదురుగా ఉంటే మాత్రం తిరగదు." వక్కపొడి ఇంకో చిటికెడు నోట్లో వేసుకున్నారు. "ఆరోజు మీరు అవునని ఉంటే..."

"తెగేది."

"తెగకపోను కూడా."

"తెగేదంటుంటే!"

"సరే, తెగేదే. కానీ అందరి ముందూ అన్నారు మేడం. మీరు కాదంటే ఇక అది కాదనే అనుకుంది పిల్ల. డాక్టరు బాగుందన్నా తలకెక్కట్లేదు."

లేచి వచ్చేశాను. బస్టాండు దాకా వెనకాలే వచ్చి, బస్సు కిటికీ దగ్గర నిలబడి "పేట మేడం, కోపమొచ్చిందా?" అని అడిగారు. రాలేదన్నాను. వచ్చింది. ఆ వాదన ఎన్నో ఏళ్ళు సాగింది. ఎక్కడ కలిసినా ఆయన "తెగకపోను కూడా" అనేవారు, నేను "తెగేది" అనేదాన్ని. మూడేళ్ళ కింద ఆయన గుండెపోటుతో పోయారు. అప్పటినుంచి ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. అనడానికి ఎవరున్నారు?

కొత్తగా వచ్చినవాళ్ళు మీరు అడుగుతారు, మళ్ళీ అలాంటి రోజొస్తే ఏమంటారని. ఆడకూడదనే అంటాను. డాక్టరు చెప్పింది అదే, నా బుద్ధికి తోచిందీ అదే. మీరూ అదే అనండి. కానీ ముందు పిల్లని పక్కకి తీసుకెళ్ళి, ఆ పిల్లతో అనండి. ఆడిన మోకాలు తెగితే తెగిందని తెలుస్తుంది. ఆడని మోకాలు ఏమై ఉండేదో ఎవరికీ తెలియదు. జీవితాంతం ఎవరితోనో ఒకరితో వాదించుకోవాల్సిందే.

ఆ పిల్లకి జాతీయ శిబిరం పిలుపు మళ్ళీ రాలేదు. ఇంకో రెండేళ్ళు జిల్లాకి ఆడి మానేసింది. వ్యాయామ విద్య చదివి, వత్సవాయి దగ్గర ఒక బడిలో మన ఉద్యోగంలోనే చేరిందని తెలిసింది. ఎవరో చెబితే తెలిసింది. తను చెప్పలేదు. నా పదవీ విరమణకి పిలిచాను. రాలేదు. వచ్చి ఉంటే నేను డ్రిల్లు గురించి అంతసేపు మాట్లాడేదాన్ని కానేమో.

పోయిన చలికాలం వీరులపాడులో బంధువుల శుభకార్యం చూసుకుని, వత్సవాయిలో ఇంకో పని ఉండి అటు వెళ్ళాను. ఊరింకా రాకముందే ట్రాక్టరు అడ్డం పడి బస్సు ఆగింది. రోడ్డు పక్కన బడి, బడి ముందు మట్టి కోర్టు. నీళ్ళు చల్లి ఉంది. అమ్మాయిలు చుట్టూ నిలబడ్డారు. మధ్యలో ట్రాక్ ప్యాంటు వేసుకున్న పొడుగాటి మనిషి, కొంచెం లావైంది, వాళ్ళకి ఏదో చూపిస్తోంది. ఎడమ మూలకి వెళ్ళింది. కాలి బొటనవేలు చాపింది. కుడికాలు నేలకి ఆనించి, చటుక్కున ఒళ్ళంతా తిప్పేసింది.

నేను సీటులోంచి లేచాను.

"వత్సవాయి ఇంకా రాలేదమ్మా, కూర్చోండి" అన్నాడు కండక్టరు.

"నేను ఇక్కడే దిగాలి" అన్నాను.

గేటు దగ్గర నిలబడ్డాను. పిలవలేదు. పిలవడం నాకు చేతకాదు. పిల్లల్లో ఒకతి నా వైపు చూపించింది. ఆమె తిరిగి చూసింది. విజిల్ మెళ్ళో వేలాడుతుండగా గబగబా నడిచి వచ్చింది.

"మీరా మేడం! అట్టా ఎండలో నించున్నారేంటి? ఎంతసేపైంది వచ్చి?"

"ఇప్పుడే. బస్సాగింది."

"రండి లోపలికి. మొహం వాడిపోయింది చూడండి. ఏమ్మా, మేడంకి మంచినీళ్ళు తీసుకురా."

బాగున్నావా అని అడగాలనుకున్నాను. నాన్న ఎలా ఉన్నాడని అడగాలనుకున్నాను. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే మాట.

"కుడికాలి మీద తిరిగావు."

ఆమె ఒకసారి కోర్టు వంక చూసింది. పిల్లలు ఆ తిరుగుడు వేయబోయి ఒకరి మీద ఒకరు పడుతున్నారు. నవ్వింది, కోపమేమీ లేకుండా.

"ఇప్పుడు పట్టుకునేవాళ్ళెవరూ లేరు గదా మేడం" అంది.